‘రోజాన్’ చివరి సీజన్ చూడాలా, ఎనిమిదో సీజన్‌తో ఆపేయాలా?

మీ ప్రశ్నలో రెండు విషయాలున్నాయి. అమెరికన్ కుటుంబ కామెడీ షో ‘రోజాన్’ని మొదటి సీజన్ నుంచి వరసగా చూస్తూ వచ్చారు. చివరి ఎపిసోడ్ ఆఖర్లో రోజాన్ భర్త డాన్ ఏడాది కిందటే పోయాడని, లాటరీ తగలనే లేదని, ఇన్నాళ్లూ చూసింది రోజాన్ రాసుకున్న పుస్తకమని తేలింది. మోసపోయినట్టు ఉందన్నారు, అసలు అలా ఎందుకు రాశారని అడిగారు. రెండోది, ఇప్పుడే మూడో సీజన్‌లో ఉన్న మీ చెల్లెలికి ఏం చెప్పాలి అని. ఇక్కడ ఎవరో ‘టీఆర్పీ కోసం చంపేశారు’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అది సరికాదు. షో ఎలాగూ ఆగిపోతోంది, ఆ తర్వాత టీఆర్పీతో పనేముంది?

నేను తెలుగు సీరియల్స్‌కి చాలా ఏళ్లు కథ, మాటలు రాసినవాణ్ణి. కామెడీ రాశాను, ఏడుపు ట్రాకులు అంతకంటే ఎక్కువ రాశాను. ఆ పని చేసినవాడి కళ్లతో చూస్తే నాకు అనిపించేది ఇది: ఆ చివరి ఎపిసోడ్‌లో ఉన్న ఆలోచన ఆ షో మొత్తంలో వచ్చిన గొప్ప ఆలోచనల్లో ఒకటి. కానీ దాన్ని ఏడాది ఆలస్యంగా చెప్పారు, అదీ అక్కర్లేని చోటిదాకా లాగారు. మీకు కలిగిన కోపం ఈ రెండింటి వల్ల. డాన్ చావు మీద కాదని నా నమ్మకం.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ‘రోజాన్’ 1988 అక్టోబరు 18న అమెరికాలో ఏబీసీ ఛానెల్‌లో మొదలై, 1997 మే 20న ముగిసింది. ఇల్లినాయ్ రాష్ట్రంలో లాన్‌ఫర్డ్ అనే కల్పిత ఊరు. రోజాన్ కానర్‌గా రోజాన్ బార్, భర్త డాన్‌గా జాన్ గుడ్‌మన్, చెల్లెలు జాకీగా లారీ మెట్‌కాఫ్. పిల్లలు బెకీ, డార్లీన్, డీజే. అప్పటి టీవీ కుటుంబాల్లో నాన్న డాక్టరో, ఆర్కిటెక్టో అయి ఉండేవాడు. ఇల్లు అద్దంలా మెరిసేది. ఈ ఇంట్లో కరెంటు బిల్లు కట్టలేక పవర్ కట్ చేయించుకుంటారు. సోఫా మీద అల్లిన దుప్పటి ఒకటి ఎప్పుడూ కప్పే ఉంటుంది.

ఆ డబ్బు లేకపోవడం ఆ షోకి అలంకారం కాదు, కథంతా దాని మీదే నడిచింది. రోజాన్ మొదట వెల్‌మన్ ప్లాస్టిక్స్ అనే ఫ్యాక్టరీలో చేస్తుంది. మొదటి సీజన్ ఆఖర్లో కొత్త సూపర్‌వైజర్ కోటా పెంచేస్తాడు. ‘నోరు మూసుకుని ఉంటే కోటా తగ్గిస్తా’ అని ఆమెతో బేరం పెట్టుకుని, మాట తప్పుతాడు. రోజాన్ లేచి బయటికి నడుస్తుంది, వెనకే మిగతా ఆడవాళ్లూ. తర్వాత ఆమె చేయని పని లేదు. ఫోన్లో సరుకులు అమ్మింది, చికెన్ కొట్లో నిలబడింది, బ్యూటీ పార్లర్లో నేల ఊడ్చింది, రెస్టారెంట్లో వడ్డించింది. డాన్ గోడలు కట్టే కాంట్రాక్టులు పట్టుకునేవాడు, అప్పు చేసి బైకుల షాపు పెట్టి అదీ మూసేశాడు. ఆ షాపు మూతపడటం వల్లే అక్కడ పనిచేసే మార్క్‌కి ఉద్యోగం పోయింది. వేరే ఊళ్లో పని దొరికితే వెళ్తున్న అతనితో బెకీ లేచిపోయి పెళ్లి చేసుకుంది. చూశారా, ఒక వ్యాపారం మునిగితే ఒక కూతురు ఇల్లు దాటింది. కథ అలా ఒకదాన్నుంచి ఒకటి పుట్టాలి. మా దగ్గర ట్రాకు మార్చాలంటే ఆర్టిస్ట్ డేట్లు చూసుకుని మార్చేవాళ్లం. వీళ్లు ఇంటి ఖర్చుల లెక్క చూసి మార్చారు. అందుకే నాకు ఈ షో అంటే అంత గౌరవం.

ఇక 1996లో మొదలైన తొమ్మిదో సీజన్. మొదట్లోనే కానర్ కుటుంబానికి లాటరీలో 10 కోట్ల 80 లక్షల డాలర్లు తగులుతాయి. అంతే, కథకి ఇంధనం అయిపోయింది. రోజాన్ స్పాలకి వెళ్తుంది, పెద్దింటి పార్టీలకి వెళ్తుంది, రైల్లో టెర్రరిస్టులతో పోరాడుతుంది. జాకీకి ఎక్కడో మోల్డేవియా యువరాజు తగులుతాడు. డాన్ తల్లి అనారోగ్యమని కాలిఫోర్నియా వెళ్లి, అక్కడ ఇంకో ఆవిడ వైపు మొగ్గుతాడు. ఆ సీజన్లో గుడ్‌మన్ చాలాచోట్ల కనిపించడు కూడా. చూస్తున్నవాళ్లకి ‘వీళ్లెవరో వేరే మనుషులు’ అనిపించింది. అలా అనిపించిందంటే తప్పు వాళ్లది కాదు.

ఇప్పుడు చివరి ఎపిసోడ్ దగ్గరికి వద్దాం. నెలలు నిండకుండా పుట్టి బతుకుతుందో లేదో అనుకున్న డార్లీన్ బిడ్డ, హారిస్, ఇంటికి వస్తుంది. అందరూ వంటింటి టేబుల్ చుట్టూ చేరి తింటారు, ఒకరినొకరు ఆటపట్టించుకుంటారు. చాలా సీజన్ల టైటిల్స్‌లో కెమెరా ఆ టేబుల్ చుట్టూ తిరిగేది గుర్తుంది కదా? ఇక్కడా అలాగే తిరుగుతుంది. వాళ్ల మాటలు సన్నగిల్లి రోజాన్ గొంతు వినబడుతుంది. తన పుస్తకం గురించి చెబుతోంది. ఒక్కొక్కరి మీదికీ కెమెరా వెళ్తుంటే, వాళ్లలో తను ఏం మార్చి రాసిందో చెబుతుంది. ఒకప్పటి ఆమె బాస్ లియాన్ నిజానికి అంత సరదా మనిషి కాదట. తన తల్లి బెవ్ జీవితమంతా అణిగిమణిగి ఉన్న తరానిది, ఆవిడకి కాస్త సొంత వ్యక్తిత్వం ఉంటే బాగుండునని ఆవిడ ఆడవాళ్లని ప్రేమించినట్టు రాసిందట. నిజానికి అలాంటిది చెల్లెలు జాకీ. బెకీ పెళ్లాడింది మార్క్‌ని కాదు, ఇన్నాళ్లూ డార్లీన్ జంటగా చూసిన మార్క్ తమ్ముడు డేవిడ్‌ని. డార్లీన్ మార్క్‌ని. ఆ జంటలు సరిగ్గా కుదరలేదనిపించి, తల్లిగా కాగితం మీద మార్చుకుంది.

ఆ తర్వాత డాన్. డార్లీన్ పెళ్లిలో అతనికి గుండెపోటు వచ్చింది కదా, ఎనిమిదో సీజన్లో. అప్పుడే పోయాడు. కూలి చేసుకుని బతికే ఆడదానికి మొగుడు పోతే కాళ్లకింద నేల పోయినట్టే కాబట్టి, ప్రపంచంలోని డబ్బంతా తనకి వచ్చినట్టు రాసుకుంది. తనని వదిలేసి పోయాడన్న కోపాన్ని అతని అక్రమ సంబంధంగా రాసుకుంది. ఎవరినైనా కొట్టాలన్నంత కసి ఉంది కాబట్టి రైల్లో టెర్రరిస్టుల్ని కొట్టింది. బిడ్డ చావు అంచుదాకా వెళ్లి బతికాక, తనూ బతకాలనుకుంది. చివర్లో రోజాన్ ఒక్కతే ఆ పాత హాల్లో, పాత సోఫా మీద. లాటరీ డబ్బుతో కట్టిన హంగులేవీ లేవు. పగటికలలు కనేవాళ్లే ప్రమాదకరమైన మనుషులన్న టీ.ఈ. లారెన్స్ మాట తెర మీద పడుతుంది, అయిపోతుంది.

చదువుతుంటే ఇది బాగుంది కదా? నాకూ అలాగే అనిపిస్తుంది, ప్రతిసారీ. భర్త పోయిన ఒక శ్రామిక మహిళ, శోకంలో ఏమేం ఊహించుకుంటుందో అన్నీ లెక్క సరిపోతున్నాయి. పైగా రోజాన్‌కి రచయిత్రి కావాలన్న కోరిక ఆఖర్లో అతికించింది కాదు. మొదటి సీజన్లలోనే ఇంట్లోవాళ్లంతా కలిసి బేస్‌మెంట్‌లో ఆమెకి రాసుకోవడానికి చోటు సర్ది ఇచ్చారు. పిల్లలు, బిల్లులు, ఉద్యోగాల మధ్య అది మూలన పడిపోయింది. ఆ గదిలోకి ఆమె మళ్లీ దిగాలంటే డాన్ పోవాల్సి వచ్చింది. విత్తనం ఏళ్ల కిందటే పడింది. ఇలాంటిది దొరికిందంటే రచయిత ఎగిరి గంతేయాలి.

మరి ఎందుకు చేదుగా ఉంది?

మొదటి కారణం, ఆ దుఃఖం ఆమె ఒక్కతే అనుభవించింది, మనకి పంచలేదు. ఏడాదంతా రోజాన్ ఏడుస్తూ రాస్తోంది. మనం అది తెలియక ‘ఏంటీ ఈ సోది’ అని విసుక్కున్నాం. తర్వాత ఒక గొంతు వచ్చి ‘నువ్వు విసుక్కున్నదంతా నా శోకమే’ అంటే, మనకి దుఃఖం రాదు, సిగ్గో కోపమో వస్తుంది. ఒక మనిషి పోయాడన్న వార్త వినగానే ఏడుపు రాదు. ఆ ఇంటికి వెళ్లాలి, కుర్చీ ఖాళీగా కనబడాలి, పక్కింటివాళ్లు వచ్చి కాసేపు కూర్చోవాలి, ఎవరో పాత జోకు వేసి నాలుక కరుచుకోవాలి. అప్పుడు వస్తుంది. సీరియల్ రాసేవాళ్లకి ఇది మొదటి వారంలోనే తెలిసిపోతుంది. ఒక పాత్రని తీసేస్తే కనీసం రెండు వారాలు ఆ ఇంట్లో దాని ఛాయ నడవాలి, లేకపోతే చూసేవాళ్లు నమ్మరు. డాన్‌కి దొరికింది ఒక వాయిస్ ఓవర్‌లో కొన్ని వాక్యాలు. డార్లీన్ తండ్రి కోసం ఏడవడం మనం చూడలేదు. డీజే ఏమయ్యాడో తెలియదు. తిట్టుకుంటూనే బావని ఇష్టపడే జాకీ ఆ ఏడాది ఎలా గడిపిందో తెలియదు. లారీ మెట్‌కాఫ్ ఈ పాత్రకి 1992, 93, 94లో వరసగా మూడు ఎమ్మీ టీవీ అవార్డులు తెచ్చుకుంది. అలాంటి నటికి ఒక చావింటి సీను ఇవ్వకుండా యువరాజుతో డ్యాన్సు చేయించారు. ఇది మాత్రం నేను ఎప్పటికీ క్షమించను.

అదే సంగతి తొమ్మిదో సీజన్ మొదట్లో చెప్పి ఉంటే? డాన్ పోయాడు, ఇంట్లో డబ్బుల్లేవు, రోజాన్ రాత్రుళ్లు బేస్‌మెంట్‌లో రాస్తోంది. పైన ఇంట్లో నిజం, కింద కాగితం మీద లాటరీ. స్పా సీను తర్వాత వెంటనే కరెంటు బిల్లు సీను. అప్పుడు ఆ పిచ్చి ఎపిసోడ్లు ఒక్కొక్కటీ కడుపు తరుక్కుపోయేలా ఉండేవి. అవే సీన్లు, అవే జోకులు. ప్రేక్షకుడికి ముందే తెలిసి ఉంటే చాలు.

రెండో కారణం గురించి తక్కువమంది మాట్లాడతారు, నాకైతే ఇదే పెద్దది. రద్దు ఎక్కడ ఆగాలో వాళ్లకి తెలియలేదు. లాటరీ అబద్ధం అంటే ఎవరికీ నష్టం లేదు, అందరూ ‘హమ్మయ్య’ అనుకునేవాళ్లు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ ఆ గొంతు అంతటితో ఆగక బెకీ, డార్లీన్ జంటల్నే మార్చేసింది. బెకీ మార్క్‌తో లేచిపోయింది 1992లో. దానికి డాన్ ఎంత రగిలిపోయాడో, నెలల తరబడి అల్లుడితో మాట్లాడకుండా ఎలా ఉన్నాడో చూశాం. తల్లి పెట్టే హింస భరించలేని డేవిడ్‌ని రోజాన్ తన ఇంటికి తెచ్చుకుంది. డార్లీన్‌తో అతని ప్రేమ, విడిపోవడం, మళ్లీ కలవడం, అన్నీ మన ముందే జరిగాయి. ఇప్పుడవన్నీ జరగలేదా? లేక వేరేవాళ్ల మధ్య జరిగాయా? హారిస్‌కి తండ్రి ఎవరు మరి, మార్కా? ఆ మాట వినగానే మనసు వెనక్కి పరిగెత్తి, ఇష్టంగా చూసిన ఐదారేళ్ల కథని మళ్లీ లెక్కేసుకోవడం మొదలుపెడుతుంది. అంతలో డాన్ పోయాడంటారు. చావు కబురు చెప్పేముందు ఎదుటివాడిని పజిల్‌లో పడేస్తే వాడు ఏడుస్తాడా, పజిల్ విప్పుతాడా?

ఇక్కడొక చిన్న తేడా గమనించండి. ఇదే షోలో బెకీ పాత్ర చేసిన అమ్మాయి మధ్యలో మారిపోయింది. లీసీ గోరన్సన్ చదువుకోసం వెళ్తే సారా చాక్ వచ్చింది, ఎనిమిదో సీజన్లో పాత అమ్మాయే తిరిగొచ్చింది, మళ్లీ కొత్త అమ్మాయి. జనం నవ్వుకుని ఊరుకున్నారు. షోలో వాళ్లే దాని మీద జోకులు వేశారు. మన ‘అమృతం’లోనూ అంతే. అమృతరావుగా శివాజీరాజా, తర్వాత నరేశ్, తర్వాత హర్షవర్ధన్. ముగ్గురు మారినా ‘మా అమృతరావు కాదు’ అని ఎవరూ టీవీ కట్టేయలేదు. మొహం మారితే ప్రేక్షకుడు సర్దుకుంటాడు. జరిగిన సంగతి జరగలేదంటే సర్దుకోడు. వాడు దాచుకున్నది ఆ జరిగిన సంగతినే.

‘అంతా కల’ అనే ముగింపులన్నీ చెత్తేనా అని ఎవరైనా అడగొచ్చు. కాదు. 1990 మే నెలలో ‘న్యూహార్ట్’ అనే కామెడీ షో ముగిసింది. ఎనిమిదేళ్లు వెర్మాంట్‌లో హోటల్ నడిపిన బాబ్ న్యూహార్ట్, ఆఖర్లో తలకి బంతి తగిలి పడిపోతాడు. కళ్లు తెరిస్తే వేరే పడకగది. పక్కన లేచి కూర్చున్నది, అతని డెబ్బయ్యో దశకం నాటి పాత షోలో భార్యగా చేసిన సుజాన్ ప్లెషెట్. ఎనిమిదేళ్ల హోటలంతా కల! అంత మొత్తం రద్దయినా జనం చప్పట్లు కొట్టారు, ఇప్పటికీ గొప్ప ముగింపుల్లో దాని పేరు చెబుతారు. ఎందుకు? అది జోకు కాబట్టి. పోయినదానికి బదులు ప్రేక్షకులు ఎంతో ఇష్టపడ్డ పాత మనిషిని చేతిలో పెట్టారు కాబట్టి. ‘డల్లాస్’ వాళ్లు 1986లో బాబీ ఈవింగ్‌ని బతికించడానికి ఒక సీజన్ మొత్తాన్ని కల అన్నారు, నవ్వులపాలయ్యారు. అయినా చచ్చిన హీరోని తిరిగిచ్చారు, కాబట్టి జనం తిడుతూనే చూశారు. ‘రోజాన్’ దీన్ని తిరగేసింది. సీజన్ రద్దు, జంటలు రద్దు, పైగా బతికున్నవాణ్ణి తీసుకెళ్లిపోయింది. తీసుకున్నదానికి బదులుగా మన చేతిలో పెట్టింది ఒక పుస్తకం, అదీ మనం చదవలేనిది.

దీనికి దగ్గరగా వచ్చే ఇంకో దెబ్బ ‘హౌ ఐ మెట్ యువర్ మదర్’, 2014 మార్చి 31న. తొమ్మిదేళ్లు ఎదురుచూసిన ఆ తల్లి పాత్రని కొన్ని నిమిషాల్లో, అదీ కథ చెప్పే గొంతుతోనే, పోయిందనిపించారు. అక్కడ తప్పు ఇంకో రకం. పిల్లలు తండ్రితో మాట్లాడే ముగింపు సీను రెండో సీజన్ నాటికే తీసి పెట్టుకున్నారు. ఆ పిల్లలు ఎదిగిపోతారు కదా మరి. తర్వాత ఏడేళ్లలో కథ, పాత్రలు ఎటో వెళ్లిపోయినా, ఆ పాత సీన్‌కే తెచ్చి అతికించారు. ముందే తీసి పెట్టుకున్న సీను మీద మమకారం పెద్ద జబ్బు. మా దగ్గర ‘బ్యాంకు’లో, అంటే ముందే తీసి నిల్వ పెట్టుకున్న ఎపిసోడ్లు వృథా కాకూడదని కథని వంచిన సందర్భాలు ఎన్నో.

మరి కుటుంబ కామెడీలో చావు మాట ఎత్తనే కూడదా? ‘ఎవ్రీబడీ లవ్స్ రేమండ్’ 2005లో ఎలా ముగిసిందో చూడండి. రేమండ్‌కి చిన్న ఆపరేషన్. అయిపోయాక నర్సు బయటికి వచ్చి, మత్తు నుంచి లేవడం లేదని చెబుతుంది. కాసేపు, నిజంగా కాసేపే, అక్కడున్న ఇంట్లోవాళ్లంతా కొయ్యబారిపోతారు. అన్న రాబర్ట్ ఒక్కసారిగా చిన్నపిల్లాడైపోతాడు. అంతలో డాక్టర్ వచ్చి లేచాడంటాడు. మిగతా ఎపిసోడంతా ఆ సంగతి రేమండ్‌కి, అతని తల్లికి తెలియకుండా దాచడానికి పడే పాట్లు. ఆఖర్న ఇరుకు వంటింట్లో అందరూ ఒకరి మీద ఒకరు పడి టిఫిన్ తింటారు. చావు వచ్చి తలుపు తట్టి వెళ్లింది, ఎవరూ పోలేదు, ఎవరికి ఎవరంటే ఎంత ప్రాణమో బయటపడింది. పాత సీజన్లలో ఒక్క సీను కూడా చెడలేదు. చూడ్డానికి చిన్న ముగింపే. దాని వెనక ఉన్న పనితనం చిన్నది కాదు.

ఎందుకు అలా రాశారు అన్న మీ ప్రశ్నకి నాకు తోచింది చెబుతాను. తొమ్మిదో సీజన్ దారి తప్పిందని సగంలోనే అందరికీ అర్థమైపోయి ఉంటుంది. వెనక్కి వెళ్లి బాగుచేసే వీలు టీవీలో లేదు, ప్రసారమైంది ప్రసారమైనట్టే. అలాంటప్పుడు రచయితకి మిగిలేది ఒకటే, జరిగినదానికి కొత్త అర్థం చెప్పడం. ఆ ఏడాది చేసిన తిక్క పనులన్నిటికీ ఒక్క దెబ్బకి కారణం దొరికింది: శోకం. తెలివైన మరమ్మతు. ఆ ఉత్సాహంలోనే అవసరంలేని జంటల మార్పు కూడా దూర్చి ఉంటారు. ‘ఆమె అన్నీ మార్చగల రచయిత్రి’ అని చూపాలనే తపన. ఇది నా ఊహే, వాళ్లు చెప్పినది కాదు.

ఈ కథకి ఇంకో సగం ఉంది, మీరు ఇంకా చూడలేదని మీ మాటల్ని బట్టి అర్థమైంది. 2018 మార్చి 27న షో మళ్లీ మొదలైంది. మొదటి రాత్రే కోటీ 80 లక్షల మందికి పైగా చూశారు. మొదటి సీన్లోనే రోజాన్ మంచం మీద ఉలిక్కిపడి లేచి, ముక్కుకి గాలి గొట్టం మాస్కు పెట్టుకుని పడుకున్న డాన్‌ని తట్టి లేపి, చచ్చిపోయావనుకున్నానంటుంది. అందరూ నేను పోయాననే ఎందుకు అనుకుంటారని విసుక్కుంటాడు డాన్. అంతే. చివరి ఎపిసోడ్‌ని ఒక జోకుతో చెత్తబుట్టలో వేశారు. బెకీ పెళ్లాడింది మార్క్‌నే, డార్లీన్ డేవిడ్‌నే. మార్క్‌గా చేసిన గ్లెన్ క్విన్ 2002లో చనిపోయాడు కాబట్టి కథలోనూ బెకీ భర్త పోయినదే, డార్లీన్ తన కొడుక్కి మార్క్ అని పేరు పెట్టుకుంది. లాటరీ ఊసే లేదు, మళ్లీ మందుల ఖర్చు లెక్కలే. ప్రేక్షకులు ఏది ఉంచుకుని ఏది పారేశారో రచయితలు కూడా సరిగ్గా అదే ఉంచుకుని అదే పారేశారు.

తర్వాత జరిగిందే నా వాదనకి అసలు సాక్ష్యం. ఒబామా దగ్గర సలహాదారుగా చేసిన వాలరీ జారెట్ మీద రోజాన్ బార్ పెట్టిన జాతివివక్ష ట్వీటుతో, 2018 మే 29న ఏబీసీ షోని రద్దు చేసింది. మిగతా అందరితో ఆ ఏడాదే అక్టోబరు 16న ‘ది కానర్స్’ పేరుతో మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి పోయింది రోజాన్. చూడండి విచిత్రం, 1997లో చంపినట్టే, తెర వెనకే చావు, అదీ కథకోసం కాదు, బయటి కారణంతో. కానీ చెప్పిన తీరు వేరు. మొదటి ఎపిసోడ్ మొదలయ్యేసరికే అంత్యక్రియలై మూడు వారాలు. నిద్రలో గుండె ఆగిందనుకున్న ఇంట్లోవాళ్లకి, నొప్పి మాత్రలు ఎక్కువై పోయిందని తెలుస్తుంది. మోకాలి ఆపరేషన్‌కి డబ్బు చాలక వాయిదా వేస్తూ, దొరికినచోటల్లా మాత్రలు తెచ్చుకుని దాచుకుంది. ఒక సీసా మీద ఊళ్లో వేరే ఆవిడ పేరు ఉంటుంది. డాన్ ఆవిణ్ణి అందరి ముందూ దోషిని చేస్తాడు. ఆవిడ వచ్చి, కొనే స్తోమత లేక ఒకరి మాత్రలు ఒకరం పంచుకుంటామని చెబుతుంది. ఇంట్లో వెతికితే ఇంకొందరి పేర్లతో సీసాలు దొరుకుతాయి. ఎవర్ని తిట్టాలో డాన్‌కి తెలియకుండా పోతుంది.

ఈ ఒక్క ఎపిసోడ్ పక్కన 1997 ఎపిసోడ్‌ని పెట్టి చూడమని కొత్తగా రాసే పిల్లలకి చెబుతుంటాను. చావు మొదట్లో వచ్చింది. దానికి కారణం మళ్లీ ఆ ఇంటి డబ్బు లెక్కలోంచే వచ్చింది. ఇంట్లో ప్రతి ఒక్కరూ ఆ చావుని మోయడానికి ఎపిసోడ్లకి ఎపిసోడ్లు దొరికాయి. ఏడు సీజన్లు నడిచి 2025 ఏప్రిల్ 23న ముగిసింది. రోజాన్ బార్‌ని తీసేయడం మీద మీకు ఏ అభిప్రాయమున్నా సరే, రాతపనిగా చూస్తే ఆ మొదటి ఎపిసోడ్‌లో వంక పెట్టడం కష్టం. ఆ తర్వాతి సీజన్లన్నీ అంత బాగున్నాయని అనను. కొన్ని చోట్ల లాగారు.

ఇక మీ చెల్లెలి సంగతి. ఎనిమిదో సీజన్‌లో డార్లీన్ పెళ్లి, డాన్ గుండెపోటు ఎపిసోడ్లు వస్తాయి. ఆ సీజన్ పూర్తిగా చూడమనండి. ఆఖరి ఎపిసోడ్‌లో తిండి దగ్గర డాన్, రోజాన్ పెట్టుకునే గొడవ ఆ షోలోని గట్టి సీన్లలో ఒకటి. తర్వాత తొమ్మిదో సీజన్‌ని వరసగా చూడొద్దనండి. లాటరీ తగిలిందని, ఏడాది గడిచిందని మీరు నోటితో చెప్పేయండి చాలు. నేరుగా చివరి ఎపిసోడ్ పెట్టమనండి. ఏడాది విసుగు మధ్యలో లేకపోతే గుండెపోటు ఇంకా తాజాగా ఉంటుంది, ఆ గొంతు చెప్పేది నేరుగా తగులుతుంది. మా ఇంట్లో ఒక మేనకోడలికి ఇలాగే చూపించాను. జంటల మార్పు దగ్గర ‘ఇదేంటి మావయ్యా’ అని మొహం చిట్లించింది గానీ, డాన్ దగ్గరికొచ్చేసరికి ఏడ్చింది. 2018 ఎపిసోడ్లకి ముందు ఒక నెల గ్యాప్ ఇమ్మనండి, వెంటనే చూస్తే డాన్ మాస్కు జోకు పేలదు.

మీకు మాత్రం, తొమ్మిది సీజన్లూ చూసేశారు కాబట్టి, తొమ్మిదో సీజన్లో బిడ్డ ఆసుపత్రిలో ఉన్న ఎపిసోడ్లు మరోసారి చూడమంటాను. డాన్ బతికి లేడు, ఈ సీన్లన్నీ రోజాన్ కాగితం మీద రాస్తోంది అన్నది మనసులో పెట్టుకుని చూడండి. డాన్ ఉన్న ప్రతి సీన్లో రోజాన్ అతని వైపు ఎంతసేపు చూస్తోందో గమనించండి. అక్కడ నటి కావాలని అలా చేసిందో, నాకు అలా కనిపిస్తోందో చెప్పలేను గానీ, రెండోసారి చూసినప్పుడు ఆ సీన్లు నాకు వేరేలా పనిచేశాయి.